కాజీపేటలో ఇల్లు తీసుకోవాలనుకుంటున్నాం: ఏ వాడ మంచిది, చుట్టూ ఏమేం ఉన్నాయి?

నిర్మల్_బిడ్డ

అందరికీ నమస్కారం. మాది నిర్మల్. పెళ్లయినప్పటి నుంచి హైదరాబాద్‌లో ఉన్నాం. ఇప్పుడు మా ఆయనకు మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం వచ్చింది. నేను ఇంటి నుంచే పని చేస్తాను. పాప రెండో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటారు, మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లు ఎక్కలేరు.

తెలిసినవాళ్లలో ఎవరిని అడిగినా ఒకటే మాట: "హన్మకొండలో చూసుకోండి, కాజీపేటలో ఏముంది, రైలు మారడానికి దిగే చోటు." కానీ మొన్న ఆదివారం అక్కడ ఊరికే నడిచి చూశాం. దర్గా ముందు పూల చాదర్లు, అగరుబత్తీలు అమ్మే కొట్లు, ఫాతిమా చర్చిలో పూజ ముగించుకుని బయటికొస్తున్న జనం, శ్వేతార్క గణపతి గుడి దగ్గర చెప్పుల వరుసలు, అన్నీ ఒక్క సాయంత్రంలోనే కనిపించాయి. స్టేషన్ దగ్గర టిఫిన్ బండి ఆయన ఒకరితో తెలుగులో, ఒకరితో ఉర్దూలో, ఇంకొకరితో తమిళంలో లెక్క చెప్తున్నాడు. మా పాప అక్కడి నుంచి కదలనంది. పక్క ఫ్లాటు వాళ్ల పేరు కూడా తెలియని చోట పెరుగుతున్న పిల్ల, ఇలాంటి చోట పెరిగితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపించింది.

అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి. రైళ్ల చప్పుడు అలవాటవుతుందా? అత్తమ్మకు తోడు దొరుకుతుందా? కొత్తగా వచ్చినవాళ్లు వాడలో కలిసిపోవాలంటే ఏం చేయాలి? చుట్టూ చూడాల్సినవి ఏమిటి?

సుబేదారి_సూరి

మేడమ్, చూడటానికి పోవడం వేరు, కాపురం పెట్టడం వేరు. డాక్టర్లు, ల్యాబులు, ట్యూషన్లు, బట్టల షాపులు ఎక్కువగా హన్మకొండలోనే ఉన్నాయి. కాజీపేట నుంచి రావాలంటే ఫాతిమానగర్ వంతెన దాటాలి. హైదరాబాద్ రోడ్డు మీది బండ్లు, సిటీ బస్సులు, స్కూలు ఆటోలు అన్నీ దాని మీదే. పక్కన రెండో వంతెన పనులు ఏళ్ల తరబడి సాగాయి. పొద్దున తొమ్మిదికి అక్కడ ఇరుక్కుంటే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారంటున్నారు కాబట్టి చెబుతున్నా. మీ మంచికే.

లోకో_తాత

అమ్మా, సూరి చెప్పిన వంతెన సంగతి నిజం. కానీ "కాజీపేటలో ఏముంది" అన్నవాళ్లకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలె. కొంచెం పెద్దగానే రాస్తున్న.

నేను స్టీమ్ ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా చేరిన. తర్వాత డీజిల్, కరెంటు ఇంజన్లు నడిపి ఇక్కడే రిటైర్ అయిన. నిజాం రైలు వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది 1874లో. అది ఇటు బెజవాడ దాకా కలిసింది 1889లో. కాజీపేట పెద్ద జంక్షన్ అయింది మాత్రం 1929లో, బల్లార్షా లైను పూర్తయినప్పుడు. ఢిల్లీ, మద్రాసు మధ్య బండ్లకు అప్పుడు ఇటు దారి పడ్డది. మూడు దిక్కుల లైన్లు కలిసే చోట ఇంజన్ మారాలె, సిబ్బంది మారాలె, బొగ్గు ఎత్తాలె, నీళ్లు పట్టాలె. అన్నిటికీ మనుషులు కావాలె. మద్రాసు దిక్కు నుంచి తమిళులు, మలయాళీలు వచ్చిన్రు. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు వచ్చిన్రు. నాగపూర్ దిక్కు నుంచి మరాఠీలు, హిందీవాళ్లు వచ్చిన్రు. చుట్టుపక్కల పల్లెల నుంచి మా లాంటోళ్లం ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా చేరినం.

రైల్వే క్వార్టర్ ఎట్ల ఇస్తరో తెలుసా? నీ హోదాకు ఏ రకం క్వార్టర్ వస్తదో, సీనియారిటీలో నీ వంతు ఎప్పుడో, ఏది ఖాళీ అయిందో, అంతే. నీ పక్కన ఎవరుండాలో నువ్వు కోరుకునేది లేదు. మా ఇంటికి ఒక పక్క ఆంగ్లో ఇండియన్ గార్డు, ఇంకో పక్క మలయాళీ ఫిట్టరు, ఎదురుగా బెల్లంపల్లి నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం. పల్లెలో ఉంటే మా నాయన ఒక్కనాడు గడప తొక్కని ఇండ్లలో నా పిల్లలు అన్నం తిని పెరిగిన్రు.

ఇంకో సంగతి. ఫోన్లు లేని రోజుల్లో అర్ధరాత్రి కాల్‌బాయ్ సైకిల్ మీద వచ్చి తలుపు కొట్టేది. ఫలానా బండి, ఫలానా టైము అని చెప్పి పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేది. గూడ్స్ మీద పోతే మళ్లీ ఎప్పుడొస్తమో మాకే తెలిసేది కాదు. పిల్లకు జ్వరమొస్తే మా ఇంటామెను దవాఖానకు తోలుకపోయింది పక్కింటి గార్డు భార్య. రన్నింగ్ స్టాఫ్ ఇండ్లలో పక్కింటోళ్లతో మంచిగ లేకుంటే రోజు గడవదు. కాజీపేటలో మనుషులు కలుపుగోలుగా ఉంటరంటే అది ఆ అవసరం నేర్పిన అలవాటే.

చప్పుడు అంటవా, కొన్నాళ్లకు చెవికి ఆనదు. లోకో షెడ్లకు ఆనుకుని ఉన్న వీధులు మాత్రం వద్దు. అక్కడ రాత్రంతా హారన్లే.

దర్గా_గల్లీ

సలాం అక్కా. లోకో తాత చెప్పింది రైలు వచ్చినంక సంగతి. దర్గా అంతకంటే ముందుది. హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ 1856లో కన్నుమూశారు. అంటే ఇక్కడికి రైలు రాకముందే జనం ఎడ్ల బండ్ల మీద ఈ చోటికి వచ్చేవాళ్లు.

మీరు ఆదివారం చూశారు. ఒక గురువారం సాయంత్రం రండి, జుమ్మేరాత్ రద్దీ వేరే ఉంటుంది. చెప్పులు బయట విడిచి, తలకు గుడ్డ కప్పుకుని ఎవరైనా రావచ్చు. పిల్లలకు జడుపు జ్వరమొచ్చిందని తెచ్చేవాళ్లు, కొత్త బండి కొని నిమ్మకాయ కట్టుకొచ్చేవాళ్లు, పెళ్లి పత్రిక పెట్టడానికి వచ్చేవాళ్లు, అందులో సగానికి సగం హిందువులే కనిపిస్తారు.

ఉర్సు, అంటే బాబా వర్ధంతి జాతర, సఫర్ నెలలో వస్తుంది. గంధం, ఉర్సు, బదావా అని మూడు రోజులు. మాది చంద్రుని లెక్క కాబట్టి ఏటా పదకొండు రోజుల దాకా ముందుగా వస్తుంది. ఒకప్పుడు వానల్లో వచ్చినది కొన్నేళ్లకు ఎండల్లో వస్తుంది. గంధం ఊరేగింపు, రాత్రంతా ఖవ్వాలీ, గాజుల దుకాణాలు, పిల్లలకు రంగులరాట్నం, మిఠాయిలు. కరీంనగర్, ఆదిలాబాద్, మహారాష్ట్ర నుంచి కూడా వస్తారు. మొక్కు తీరినవాళ్లు కందూరు చేసి చుట్టాలను పిలిచి భోజనం పెడతారు. ఆ మూడు రోజులు మా ఇళ్లలో తలుపు వేసే పని ఉండదు. ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు మంచినీళ్లడుగుతారు, కాసేపు కూర్చుంటారు, వచ్చే ఏడు మళ్లీ అదే ఇంటికి వస్తారు. అలా చుట్టాలైనవాళ్లు మాకు జగిత్యాలలో కూడా ఉన్నారు.

నిర్మల్_బిడ్డ

ఇంత వివరంగా రాసినందుకు మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. తాతా, ఒకటి అడుగుతాను. క్వార్టర్లలో ఇప్పుడూ అలాగే ఉందా?

లోకో_తాత

అంత లేదమ్మా. పాత క్వార్టర్లు చాలా వరకు పాడుపడ్డయి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా మటుకు పోయినయి. పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, విదేశాలు పట్టిన్రు. ఆ వరుసల మీదుగా నడిస్తే నాకు మనసు బాగుండదు. 1980లలో ఇక్కడికి రావాల్సిన కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలకు తరలిపోయింది. అది వచ్చి ఉంటే ఈ ఊరి లెక్కే వేరుగుండేది. దాని కోసం ఎన్ని ధర్నాలు, ఎన్ని వినతిపత్రాలు! 2014 విభజన చట్టంలో ఆ సంగతి రాసిన్రు. చివరికి 2023 జులై 8న అయోధ్యాపురం రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. దాంతో మళ్లీ కొత్త మనుషులు వస్తరు, కొత్త భాషలు వస్తయి.

అయితే రిటైర్ అయినోళ్లం చాలామందిమి సొంతూళ్లకు పోలేదు. బాపూజీనగర్, విష్ణుపురి, సోమిడి దిక్కు జాగలు కొనుక్కుని ఇండ్లు కట్టుకున్నం. క్వార్టర్లలో పక్కపక్కన ఉన్నోళ్లే అక్కడా పక్కపక్కన కొన్నరు.

తిరునల్వేలి_కోడలు

నిర్మల్ చెల్లెకు నమస్తే. నేను తమిళ ఆడపిల్లను. ఇరవై ఏళ్లు దాటిన తర్వాత, పెళ్లి చేసుకుని ఈ ఊరు వచ్చినప్పుడు నాకు తెలుగు అక్షరం ముక్క రాదు. ఇప్పుడు ఈ పోస్టు నేనే రాస్తున్నాను. నాకు తెలుగు నేర్పింది కూరగాయల బండి అవ్వ, ఎదురింటి పద్మక్క.

మీ అత్తమ్మకు తోడు దొరుకుతుందా అని అడిగారు. నేను చూసిన సంగతి చెప్తాను. సంక్రాంతికి ముందు ఇక్కడ సకినాలు చేస్తారు. బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, నేల మీద శుభ్రమైన బట్ట పరిచి చేత్తోనే చుట్టలు చుట్టాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఇవాళ ఒక ఇంట్లో, రేపు ఇంకో ఇంట్లో అని వీధిలో ఆడవాళ్లంతా వంతులు వేసుకుంటారు. కింద కూర్చోలేని పెద్దవాళ్లు కుర్చీలో కూర్చుని పిండి సరిగా కలిసిందా లేదా చెప్తుంటారు. మా అత్తగారు ఒక్క తెలుగు మాట రాకుండానే మొదటి సంక్రాంతికి నలుగురు స్నేహితురాళ్లను సంపాదించుకున్నారు. మేం పొంగలి గిన్నెలు పంపిస్తే, వాళ్లు సకినాల డబ్బాలు పంపించేవాళ్లు.

సర్వపిండి కూడా ఇక్కడే నేర్చుకున్నాను. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు వేసి, లోతు గిన్నెకు లోపల అద్ది, వేలితో రంధ్రాలు పెట్టి నూనె పోసి కాలుస్తారు. గిన్నె చల్లారితే గానీ రెండోది అద్దలేం. కాబట్టి పొయ్యి దగ్గర కబుర్లకు చాలా టైము ఉంటుంది. మీరు కలిసిపోవడానికి ఏం చేయాలని అడిగారు కదా చెల్లె, మొదట పక్కింటికి వెళ్లి "మీరు ఇది ఎలా చేస్తారు, నేర్పుతారా" అని అడగండి. కాదనేవాళ్లు నాకు కనబడలేదు.

ఫాతిమానగర్_పిల్ల

మా వైపు గురించి కూడా రాస్తాను. 1952లో వరంగల్ కతోలిక మేత్రాసనం (బిషప్ గారి పరిధి) ఏర్పడింది, దాని ప్రధాన దేవాలయమే మీరు చూసిన ఫాతిమా చర్చి. మొదట్లో ఇటలీ నుంచి వచ్చిన మిషనరీ ఫాదర్లు ఉండేవాళ్లు. తర్వాత స్కూళ్లు, హాస్టళ్లు వచ్చాయి. సెయింట్ గాబ్రియేల్స్ 1955లో మొదలైంది. చుట్టుపక్కల జిల్లాల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లల వల్ల, కేరళ నుంచి వచ్చిన సిస్టర్ల వల్ల, టీచర్ల వల్ల ఈ వాడ పెరిగింది.

ఫాతిమా మాత ఉత్సవాలకు ఒకసారి రండి. కొవ్వొత్తితో పాటు కొబ్బరికాయ పట్టుకుని వచ్చే అమ్మలు, బొట్టు పెట్టుకుని మోకాళ్ల మీద నిలబడే అక్కలు ఎంతమంది ఉంటారో! వాళ్లను ఎవరూ మతం అడగరు. క్రిస్మస్‌కు మా ఇంటి ముందు పశువుల పాక కట్టేది మా తమ్ముడూ, పక్కింటి హిందూ పిల్లలూ కలిసే. గడ్డి తెచ్చే బాధ్యత ఎప్పుడూ వాళ్లదే.

ఎన్ఐటీ కూడా దగ్గరే. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్ఈసీనే (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ) ఇప్పటి ఎన్ఐటీ. సీట్లలో సగం ఇతర రాష్ట్రాల పిల్లలవి కాబట్టి గేటు బయట టీ కొట్ల దగ్గర నిలబడితే ఎన్ని భాషలు వినబడతాయో చెప్పలేం.

కొత్తవాడ_మగ్గం

అందరూ కాజీపేటనే పొగుడుతున్నారు. మంచిదే. కానీ అసలు పాత ఓరుగల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు. మేం కొత్తవాడ పద్మశాలీలం. మా వాడలో మగ్గం చప్పుడు వినకుండా పెరిగిన పిల్ల లేదు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకు అనే ముద్ర, వచ్చింది. జంపఖానాలని కూడా అంటాం. మీరు ఇల్లు ఎక్కడ తీసుకున్నా సరే, కింద పరుచుకునే దర్రీ మాత్రం కొత్తవాడకు వచ్చి, నేసేవాళ్ల దగ్గర చూసి కొనండి. పాపకు మగ్గం దగ్గర కూర్చునే అవకాశం ఇవ్వండి. పడుగు ఏది, పేక ఏది అని చేత్తో ముట్టుకుంటే ఎప్పటికీ మరచిపోదు. మిషన్ దర్రీలు వచ్చాక మా పని ఎంత కష్టమైందో రాస్తే చాలా అవుతుంది. కొనేవాళ్లు నేరుగా వస్తే మాకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి.

రంజాన్ నెలలో మండీబజార్‌కు రండి. ఇఫ్తార్ తర్వాత రోడ్డు మొత్తం వెలుగు. హలీం బట్టీలు, సేమియా కొట్లు, అత్తరు, టోపీలు, పిల్లల బట్టలు. మా వాడ నుంచి కూడా కుటుంబాలతో వెళ్తారు. అక్కడి నుంచి బట్టల బజార్, బీట్ బజార్, గిర్మాజీపేట ఒకదాని వెంట ఒకటి. మార్వాడీ వ్యాపారులు తరాలుగా ఉన్నారు, వాళ్ల తెలుగు వింటే మన తెలుగే. పప్పులు, బెల్లం, ఎండుమిర్చి టోకున కావాలంటే అక్కడే. మన దగ్గరి చపాటా మిర్చి అడగండి, లావుగా, ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. పచ్చళ్లకు అదే వాడతారు.

సుబేదారి_సూరి

కొత్తవాడ అన్నా, నువ్వు రాసింది చదివి మా ఇంట్లో దర్రీ కోసం వచ్చే ఆదివారం వస్తున్నాం. మగ్గాలు ఆదివారం నడుస్తాయా?

కొత్తవాడ_మగ్గం

పొద్దుపొద్దున్నే వస్తే చాలా ఇళ్లలో నడుస్తుంటాయి సూరి తమ్మీ. పండుగ రోజులు తప్పించి రా.

తండా_నుంచి

ఇవన్నీ చదువుతుంటే సంతోషంగా ఉంది. నేనూ ఈ ఊరిని ప్రేమిస్తాను. కానీ ఒక మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను మహబూబాబాద్ దగ్గర తండా నుంచి పీజీ చదవడానికి వచ్చాను. గది కోసం తిరిగినప్పుడు టు లెట్ బోర్డు ఉన్న ఇంట్లో మొదట అడిగిన ప్రశ్న అద్దె ఎంత ఇస్తావని కాదు, "మీరేమిట్లు?" అని. లంబాడీ అని చెప్పాక, నిన్న ఖాళీగా ఉన్న గది ఇవాళ మా చుట్టాలకు ఇచ్చేశాం అన్నారు. బోర్డు మాత్రం ఆ తర్వాత కూడా అలాగే వేలాడింది. దర్గాలో, చర్చిలో, గుడిలో అందరం కలుస్తాం, నిజమే. ఇంటి గేటు దగ్గర కూడా అలా ఉండాలి కదా.

దర్గా_గల్లీ

తమ్మీ, నువ్వు రాసినందుకు షుక్రియా. మా చెల్లెలికి పెళ్లయ్యాక హన్మకొండ వైపు ఇల్లు వెతికారు. ఫోన్‌లో అన్నీ మాట్లాడుకుని, అడ్వాన్స్ కూడా ఖాయం చేసుకుని, పేరు చెప్పగానే "మా ఇంట్లో మాంసం వండకూడదు" అన్నారు. ఆ ఇంట్లోనే కింది వాటాలో ఆదివారం కోడికూర వాసన వస్తోంది. మా బావ ఏమీ అనకుండా వచ్చేశాడు. అలా మర్యాదగా తిప్పి పంపిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఉర్సుకు వచ్చి మా ఇంట్లో తిన్నవాళ్లే రేపు ఇల్లు అడిగితే ఏమంటారో అని భయంగా ఉంటుంది.

సుబేదారి_సూరి

తండా తమ్ముడూ, దర్గా గల్లీ భాయ్, మీరు రాసింది మా వైపు కూడా జరుగుతోంది, నా కళ్లతో చూశాను. మా అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో ఒక ఓనరు "ఫలానావాళ్లకు ఇవ్వొద్దు" అని ప్రతిపాదన పెట్టబోతే, నేనూ ఇంకో ఇద్దరమూ లేచి అభ్యంతరం చెప్పాం. అది కాగితం మీదికి రాలేదు. కానీ నోటి మాటగా నడుస్తూనే ఉంటుంది, దాన్ని ఆపడం కష్టం. ఓనర్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆలోచించండి. కిరాయి టైముకు కడతారా, ఇల్లు బాగా చూసుకుంటారా, అడగాల్సింది ఆ రెండే.

లోకో_తాత

బిడ్డా, తండా నుంచి వచ్చిన తమ్మీ. మా పై వాటా వచ్చే నెల ఖాళీ అయితది. నువ్వు ఇప్పుడున్న చోట ఇబ్బందిగా ఉంటే నాకు మెసేజ్ పెట్టు.

క్వార్టర్లలో పక్కింటోణ్ణి ఎంచుకునే వీలు లేకపోవుడే మాకు మేలు చేసింది. సొంతిల్లు కట్టుకున్నంక ఆ వీలు వచ్చింది. వచ్చినంక దాన్ని ఎట్ల వాడుతున్నమో మనం చూసుకోవాలె. మా విశ్రాంత ఉద్యోగులం కూడినప్పుడు ఈ సంగతి ఎత్తుత.

నిర్వాహకుడు

మంచి చర్చ జరుగుతోంది. ఒక్క విన్నపం: ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు, ఓనర్ల పేర్లు ఇక్కడ రాయకండి. వ్యక్తిగత సందేశాల్లో పంపుకోండి. ఒక పోస్టులో ఉన్న నంబరు తీసేశాను.

నిర్మల్_బిడ్డ

తండా తమ్ముడూ, మీరు రాసింది చదివాక మా ఆయనా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. మేం చూసిన ఒక ఇంట్లో ఓనరు మా పేర్లు విని, "మీ లాంటివాళ్లకే ఇస్తాం" అన్నారు. ఇల్లు బాగానే ఉంది, గ్రౌండ్ ఫ్లోరు కూడా. అయినా ఆ ఇల్లు వద్దనుకున్నాం. వేరేవి చూస్తున్నాం.

నడవడానికి, పాపను ఆదివారాలు తిప్పడానికి మంచి చోట్లు ఎవరైనా చెప్పగలరా?

చెరువుగట్టు_నడక

నేను రోజూ నడిచేవాణ్ణి, కాబట్టి ఇది నా వంతు.

వడ్డేపల్లి చెరువు గట్టు అన్నిటికంటే ముందు. ఊరికి తాగునీళ్లు ఇచ్చే చెరువుల్లో అదొకటి. పొద్దున ఆరు లోపల వెళ్తే ఎన్ఐటీ పిల్లలు పరుగెత్తుతూ, రిటైరైనవాళ్లు రాజకీయాలు మాట్లాడుతూ, బురఖాలో నడిచే అక్కలు, చీరకట్టుతోనే బూట్లు వేసుకుని నడిచే పెద్దమ్మలు కనిపిస్తారు. వారంలో నాలుగు రోజులు అక్కడ నడిస్తే చాలు, పేర్లు తెలియకపోయినా ముఖాలన్నీ తెలుస్తాయి. ఒకరోజు రాకపోతే మర్నాడు "ఏమైంది, ఆరోగ్యం బాగుందా" అని అడుగుతారు. అత్తమ్మ గారు నడవలేకపోయినా గాలికి కాసేపు కూర్చోవచ్చు.

మడికొండలో మెట్టుగుట్ట ఉంది, మీ వారి ఆఫీసు వైపే. మెట్టు రామలింగేశ్వర స్వామి గుడి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ రెండు పెద్ద రాతి గుట్టలు పాపకు తప్పకుండా నచ్చుతాయి. శివరాత్రికి జాతర, ఆ రోజు చిన్నపిల్లలతో కష్టం. మామూలు రోజు సాయంత్రం వెళ్లండి.

హన్మకొండలో వేయిస్తంభాల గుడి అందరికీ తెలిసిందే, 1163లో రుద్రదేవుడు కట్టించాడు. దాని దగ్గరలోనే పద్మాక్షి గుట్ట. గుట్ట రాతి మీద జైన తీర్థంకరుల విగ్రహాలు చెక్కి ఉన్నాయి, అక్కడే అమ్మవారి గుడి. ఒక మతం పోయి ఇంకో మతం వచ్చినా రాయి మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తొందరపడకుండా చూడండి. ఖిలా వరంగల్‌కు ఒక పూర్తి పొద్దు పెట్టుకోండి. తోరణాలు చూసి వెనక్కి వచ్చేయకండి. కోట గోడల లోపల ఇప్పటికీ కాపురాలు, పొలాలు ఉన్నాయి. ఖుష్ మహల్ కూడా అక్కడే, పక్కన ఏకశిల గుట్ట.

కాజీపేట నుంచి హన్మకొండ మీదుగా వరంగల్ స్టేషన్ దాకా సిటీ బస్సులు వెళ్తాయి. 2023 డిసెంబర్ నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు.

ఫాతిమానగర్_పిల్ల

బతుకమ్మ సంగతి ఎవరూ రాయలేదేం! పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకు వేయిస్తంభాల గుడికి, సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు వెళ్లండి. అంత జనాన్ని, అన్ని పూలను మళ్లీ ఎక్కడా చూడరు. నిర్మల్ అక్కకు బతుకమ్మ కొత్త కాదు, కానీ ఇక్కడి రద్దీ వేరు. మా అమ్మ చర్చికి వెళ్లే మనిషి, అయినా మా వీధి ఆట చూడకుండా ఉండదు. తంగేడు, గునుగు పూలకు ఆ వారమంతా మార్కెట్లో ఎగబడతారు. తండాల నుంచి, పల్లెల నుంచి తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర కొనండి, బేరం ఆడకండి. ఆ గడ్డల మీద తిరిగి కోసుకురావడం పెద్ద కష్టం.

తండా_నుంచి

అవును అక్కా, మా అమ్మ కూడా తెచ్చి అమ్ముతుంది. శ్రావణంలో మా తీజ్ జరుగుతుంది. బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. హన్మకొండలో చదువుకునే పిల్లలం ఆ రోజుల్లో ఊరికి వెళ్తాం. చూడాలనుకునేవాళ్లు మాతో రావచ్చు. తాతా, మీకు మెసేజ్ పెట్టాను.

నిర్మల్_బిడ్డ

అందరికీ ఒక మాట. ఇల్లు దొరికింది! దర్గా పోయే దారిలో, గ్రౌండ్ ఫ్లోరు, ముందు వేపచెట్టు. ఓనరమ్మ రిటైర్డ్ టీచరు. మమ్మల్ని అడిగింది మూడే: పాప ఏ క్లాసు, అత్తమ్మకు ఏ మందులు వాడుతున్నాం, బోరు నీళ్లు చాలకపోతే ఓపిక పడతారా. పక్క వాటాలో నాగపూర్ వాళ్లు, మేడ మీద ఉర్దూ మీడియం స్కూల్లో పనిచేసే దంపతులు. వచ్చే నెల మొదట్లో దిగుతున్నాం. మా ఆయన ఆఫీసుకు కాజీపేట నుంచి పోతే వంతెన అవసరమే లేదు కాబట్టి సూరి గారి భయం సగం తీరింది. వైద్యం కోసం హన్మకొండ వెళ్లాల్సి వస్తే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకుంటాం.

ఉర్సు రోజుల్లో మా వీధిలో కారు పెట్టుకోవచ్చా?

సుబేదారి_సూరి

శుభం మేడమ్. అత్యవసరమైతే 108కు ఫోన్ చేసి అంబులెన్సు పిలిపించుకోండి, సొంత కారుతో వంతెన మీద ఇరుక్కోవద్దు. చెకప్‌లకైతే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య రండి, రోడ్డు ఖాళీగా ఉంటుంది.

దర్గా_గల్లీ

ముబారక్ అక్కా. గంధం రోజు మధ్యాహ్నం నుంచే ఆ దారిలో పోలీసులు బండ్లు ఆపేస్తారు, బదావా ముగిసేదాకా అంతే. ముందు రోజే కారు తీసి చౌరస్తా అవతల ఎక్కడైనా పెట్టండి. అత్తమ్మ గారి మందులు, పాలు, గ్యాస్ సిలిండర్ కూడా ముందే చూసుకోండి. బయటికి పోయే పని పడితే స్కూటీ అయితే వెనక గల్లీ నుంచి పోవచ్చు, ఆ దారి మీరు దిగిన రోజు నేను చూపిస్తాను.